మోటారక్క

సెయిలింగ్ క్లబ్బులో రక్షణ పడవ నడిపే ఆవిడని అందరూ మోటారక్క అంటారు. యాభై దాటిన మనిషి. ఎండకి కమిలిన ముఖం, తాళ్లు లాగి లాగి కాయలు కాచిన అరచేతులు. ఎవరితో మాట్లాడుతున్నా చూపు నీళ్ల మీదే ఉంటుంది. టీ ఇచ్చినా గ్లాసుని చేత్తో తడుముకుని అందుకుంటుందే తప్ప తల తిప్పదు. ఇదేం మర్యాదని క్లబ్బు సెక్రటరీ మొదట్లో చిన్నబుచ్చుకునేవాడు.

ఆ మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఒడ్డు మీంచి సముద్రంలోకి తిరిగింది. తెరచాప కట్టిన పలక మీద వెళ్లిన లెక్కల మాస్టారు కనబడటం లేదని ముందు గమనించింది ఆవిడే. సెక్రటరీ కూడా పడవెక్కాడు. చాలా దూరాన పలక దొరికింది. తెరచాప ఊడిపోయింది, మాస్టారు లేడు. సెక్రటరీ లేచి నిలబడి నాలుగువైపులా చూశాడు.

"ఇక్కడే చుట్టూ వెతుకుదాం అక్కా!"

"ఖాళీ పలకని గాలి తోసుకొచ్చేసింది సార్. మనిషి వెనకే ఉండిపోయుంటాడు."

పడవని గాలికి ఎదురు తిప్పింది. ఎటు చూసినా ఒకేలాంటి అలలు. ఆవిడ మాత్రం తెలిసిన వీధిలో వెళుతున్నట్టు నిదానంగా వెళ్లి, ఒకచోట ఇంజను ఆపేసి చెవి ఒగ్గింది. సన్నగా ఈల వినిపించింది. అల వెనక లైఫ్ జాకెట్ ఎర్రగా తేలింది.

"నేను కనిపిస్తాననుకోలేదక్కా," అన్నాడు మాస్టారు, పడవలో వణుకుతూ.

"కనిపించలేదు మాస్టారూ. ఇక్కడుంటారనే వచ్చాను," అంటూ దుప్పటి కప్పింది.

సెక్రటరీ పడవ వచ్చిన దారికేసి చూశాడు. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.