పొరుగింటి ముద్ద

కెనడాలోని విన్నిపెగ్‌లో ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వండిపెట్టడం, స్నానాలు చేయించడం ప్రేమజ్యోతి ఉద్యోగం. భీమవరం నుంచి వచ్చినప్పటినుంచీ ఇదే పని. మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. కొన్నేళ్ళుగా ఎస్తేరు అనే యూదు పెద్దావిడ ఇంట్లో డ్యూటీ.

ఆ ఉదయం ఎస్తేరు భర్తను సమాధి చేసి వచ్చారు. మధ్యాహ్నానికి మంచుతుపాను మొదలై రోడ్లు మూసేశారు. సాయంత్రం డ్యూటీ మనిషి రాలేనని మెసేజ్ పెట్టింది. ప్రేమజ్యోతికి కుర్చీని చూస్తేనే నిద్ర ముంచుకొస్తోంది.

చావింటివాళ్ళు నేలకు దగ్గరగా కూర్చోవాలన్న తమ ఆచారం ప్రకారం ఎస్తేరు పొట్టి పీట మీద కూర్చుంది. షుగర్ మాత్ర వేసుకుంది కానీ ఫ్రిజ్ నిండా ఉన్న తిండి ముట్టనంటోంది.

“సమాధి చేసి వచ్చాక మొదటి భోజనం మా ఇంటిది కాకూడదు. బయటివాళ్ళు తేవాలి. గుడ్లు తెస్తారు.”

“తెస్తామన్నవాళ్ళు మంచులో ఇరుక్కుపోయారు కదమ్మా. మీకు షుగర్ డౌన్ అయిపోద్ది.”

“అవనీ.”

ప్రేమజ్యోతికి ఒళ్ళు మండింది. అయినా అదేమంత వింత ఆచారం? భీమవరంలోనూ చావింటికి అన్నం క్యారేజీలు పక్కింటినుంచే వస్తాయి. ఈలోగా ఎస్తేరు చేతులు వణకడం మొదలైంది.

గుమ్మం దగ్గర ప్రేమజ్యోతి సంచి ఉంది. అందులో పిల్లల కోసం పొద్దున కొన్న గుడ్లున్నాయి. ఆమె కోటు తగిలించుకుని, సంచి పట్టుకుని బయటికి వెళ్ళి, తలుపు మూసి, బెల్లు కొట్టింది.

ఎస్తేరు కర్ర పోటేసుకుంటూ వచ్చి తలుపు తీసింది.

“పక్కింటి మనిషినమ్మా. గుడ్లు తెచ్చాను,” అంది ప్రేమజ్యోతి, చలికి పళ్ళు టకటకలాడుతుంటే.

యూదులు తినే వంటకు పొయ్యి యూదులే వెలిగించాలన్నది ఆ ఇంటి పద్ధతి, అందుకని ఎస్తేరే స్టవ్ వెలిగించింది. గుడ్లు ఉడికించి, ఒలిచి ఇచ్చింది ప్రేమజ్యోతి. ఎస్తేరు మెల్లగా ఒకటి తిన్నది.

“మీ వాళ్ళలోనూ ఇలా తెస్తారా?”

“తెస్తారు. పోయిన వేసవిలో మా అమ్మ పోయినప్పుడు మాత్రం నాకెవరూ తేలేదు. వీడియోకాల్‌లో సమాధి చెయ్యడం చూసి డ్యూటీకొచ్చేశా.”

“ఎక్కడికి?”

“ఇక్కడికే. మీకు సూప్ పెట్టా.”

ఎస్తేరు కర్ర పట్టుకుని లేచింది. వద్దంటున్నా వినకుండా ఫ్రిజ్ తెరిచి, సూప్ గిన్నె తీసుకొచ్చి ప్రేమజ్యోతి ముందు పెట్టింది.

“ఇది మీ ఇంటిది కాదు,” అంది. “కూర్చుని తిను.”

ప్రేమజ్యోతి కూర్చుంది. అమ్మ పోయాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఆ చల్లటి సూపంతా తాగింది.