రాఘవరావుగారి తెరచాప పడవ

మొన్న మాదాపూర్‌లో మా అపార్ట్‌మెంటు కింద ఎవరో తలుపుకు వార్నిష్ వేస్తున్నారు. ఆ ఘాటు లిఫ్టు దాకా వచ్చింది. నాకు రాఘవరావుగారు గుర్తొచ్చారు. తొంభైల చివర్లో నేను చేరిన దినపత్రికలో ఆయన చీఫ్ రిపోర్టర్. నాకు పని నేర్పింది ఆయనే. ఏ వార్త రాసి తీసుకెళ్ళినా ఓపిగ్గా చదివి వెనక్కి ఇచ్చేవారు. "ఇంకోసారి కనుక్కో అమ్మాయ్. అచ్చయ్యాక నువ్వూ నేనూ చెరపలేం," అనేవారు. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు.

ఆయనది కాకినాడ. మాదాపూర్ ఇంకా బండరాళ్ళ దిబ్బగా ఉన్నప్పుడే అక్కడ ఇల్లు కట్టుకున్నారు. పక్కన రేకుల షెడ్డులో ఒక చిన్న తెరచాప పడవ ఉండేది. అందులో ఇద్దరు పడుకునేంత గది. విశాఖలో ఎవరో అమ్మేస్తుంటే కొని లారీ మీద తెప్పించారు. దారిలో అడుగున పగులు పడితే ఆయనే అతికారు. ఆయన భార్య సుశీలమ్మగారికి ఒకటే కోరిక. డాబా మీంచి కనబడే దుర్గం చెరువులో, ఆ పడవ మీద ఒక్క సాయంత్రం గడపాలి.

ఆదివారాలు నేను వెళ్ళేదాన్ని. చెప్పులు కింద వదిలి నిచ్చెన మీదుగా పడవ ఎక్కాలి, అది ఆయన నియమం. షెడ్డులోనే, నీళ్ళు లేని పడవలో కూర్చుని సుశీలమ్మగారు నాకు టీ పోసేవారు. ఎదురుగా అద్దాల మేడలు లేస్తుండేవి. ఆయన మాత్రం పడవ కింద వెల్లకిలా పడుకుని, అతుకును గరుకు కాగితంతో రుద్దుతూ ఉండేవారు.

"ఏంది సార్, ఇగ నీళ్ళల్ల దించరా?" అని ఒకసారి అడిగాను.

"ఇంకొక్క పూత వార్నిష్ వెయ్యాలమ్మా. ఆ అతుకు మీద నాకింకా నమ్మకం కుదర్లేదు. ఈవిడకేమో ఈత రాదు."

"పెళ్ళిలో నాకు కూడా ఇన్నిసార్లు నలుగు పెట్టలేదండి," అన్నారు పైనుంచి సుశీలమ్మగారు.

పూత ఆరేలోగా వానలు వచ్చి చెమ్మ పట్టేది. వెలిశాక అంతా గీకి మళ్ళీ మొదలు. అలా రెండేళ్ళు గడిచాయి. రెండో చలికాలంలో ఆవిడ గుండె బలహీనపడింది. నిచ్చెన ఎక్కలేక షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకునేవారు.

"ఇవాళ గాలి బావుంది కదండీ," అన్నారు ఒక సాయంత్రం.

"వచ్చే నెల దించేద్దాం," అన్నారాయన బ్రష్ ఆపకుండానే.

ఆ నెల వచ్చేసరికి ఆవిడ లేరు.

పెద్దకర్మ అయ్యాక ఆయన నన్ను రమ్మన్నారు. చివరి పూత సగంలోనే ఆగి ఉంది. పడవను అలాగే ట్రాలీ మీద చెరువుకు తీసుకెళ్ళాం. చుక్కాని నా చేతికిచ్చి ఎటు తిప్పాలో చెప్పారు. గాలికి తెరచాప నిండింది. ఆయన తలెత్తి చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, లోపలివైపు నుంచి అతుకు మీద అరచెయ్యి ఆనించారు. చెరువు మధ్యకు వెళ్ళి తిరిగొచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఒడ్డుకు చేరాక ఆ అరచెయ్యి నా ముందుకు చాపారు.

"చుక్క కూడా రాలేదమ్మా. నిరుడే దించి ఉండాల్సింది."

ఆ తర్వాత ఆయన పడవ ఎక్కలేదు. ఆయన పోయి కూడా చాలాకాలమైంది. ఇంట్లో ఎవరైనా ఎక్కడికైనా వెళదామని అడిగితే, "ఈ పని అయిపోనీ" అనబోతాను. అప్పుడు ఆ పొడి అరచెయ్యి కళ్ళముందుకొస్తుంది. పని అక్కడే వదిలేసి లేస్తాను.