ఎడిట్ రూమ్‌లో కొత్త పరికరం

ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఎడిటింగ్ స్టూడియోలో నెట్‌వర్క్ ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది ఇది. విడుదల కాని సినిమా ఒకటి మా దగ్గరుంది. ఆ ఉదయం, ఎడిట్ రూమ్ వైరుకు ఎవరో కొత్త పరికరం తగిలించారని నా కంప్యూటర్ హెచ్చరించింది.

నేను ఆ మాట చెప్పగానే మేనేజర్ పక్కనే ఉన్న ఎడిట్ రూమ్‌లోకి పరుగున వెళ్లి, అసిస్టెంట్ ఎడిటర్ నరేష్ కాలర్ పట్టుకున్నారు. "సినిమా ఎవరికి పంపుతున్నావురా? పోలీసుల్ని పిలుస్తా!"

"అమ్మతోడు సార్, నాకేం తెల్వదు. నేనేం పెట్టలే," అన్నాడు నరేష్. సినిమా దొంగ అన్న పేరు పడితే ఇంకే స్టూడియో గడపా తొక్కనివ్వరు.

"ఒక్క నిమిషం ఆగండి సార్," అని నా సీట్లోంచే అరిచాను.

వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టెను స్విచ్ అంటారు. అది కాసేపటికోసారి తన పేరు చెబుతుంది. తగిలించిన పరికరం కూడా అలాగే తన వంతు వచ్చినప్పుడు తానెవరో చెబుతుంది. ఈ కొత్తది ఇంకా చెప్పలేదు. నేను తెర ముందు కాళ్లు ఊపుతూ కూర్చున్నాను. మేనేజర్ అప్పటికే ఫోన్ తీశారు.

చివరికి తెర మీద పేరు పడింది.

"సార్, అది మన నెట్‌వర్క్ వైరుకే తగిలించే టేబుల్ ఫోన్! ఎడిట్ రూమ్‌లో ఎవరు పెట్టించారు?"

మేనేజర్ చెయ్యి కాలర్ మీంచి జారింది. "పొద్దున నేనే పెట్టించానమ్మా..."

"ఏమనుకోకు," అని నరేష్ భుజం తట్టి ఆయన వెళ్లిపోయారు. నరేష్ మౌస్ పట్టుకుని, మళ్లీ వదిలేసి, నా వైపు తిరిగాడు.

"మేడం, అది జర లేటుగ చెప్పుంటే?" అన్నాడు.

ఇప్పుడు ఏ హెచ్చరిక వచ్చినా, పేరు తెలిసేదాకా నోరు విప్పను. అంతసేపూ కుర్చీలో కుదురుగా కూర్చోనూలేను.

– స్వాతి, బోరబండ