మూడో పాఠంలో ఖాళీలు

మా పైవాటాలో అద్దెకుంటున్న నర్సింగు అమ్మాయి జర్మనీలో ఉద్యోగం కోసం ఈమధ్య ఫోను ముందు కూర్చుని ఆ భాష నేర్చుకుంటోంది. ఫోను ఒక ప్రశ్న అడిగి ఆగుతుంది. అమ్మాయి జవాబు చెప్పేదాకా మళ్ళీ నోరు విప్పదు. కింద వరండాలో పేపరు చదువుకునే నాకు, ఆ ఆగడం వినబడినప్పుడల్లా చదువుతున్న వరుస తప్పిపోతుంది. మొన్న ఉండబట్టలేక మెట్లెక్కి వెళ్ళి, ఒకప్పుడు మన యూనివర్సిటీలో జర్మన్ చెప్పింది నేనేనని, కెమిస్ట్రీలో డాక్టరేట్లు తెచ్చుకున్నవాళ్ళలో సగం మంది నా చేతి మీదుగానే గట్టెక్కారని చెప్పి వచ్చాను. పాపం, ఆ పిల్ల లేచి నిలబడి నమస్కారం కూడా పెట్టింది.

మీరు నా ఈడువాళ్ళు, మీ దగ్గర దాచడమెందుకు. పాఠాలు చెప్పింది నేను కాదు. పాఠాల టేపు తిప్పింది నేను.

హనుమకొండలో యూనివర్సిటీ గోడలు ఇంకా సున్నం వాసన వేస్తున్న రోజులవి. విదేశీ పత్రికలు చదవక తప్పని పరిశోధకుల కోసం సాయంత్రాలు జర్మన్ సర్టిఫికెట్ కోర్సు నడిచేది. చెప్పే సారు చిన్నతనమంతా కోస్తా వైపు ఒక మిషన్ ఆవరణలో, జర్మన్ నర్సమ్మ పెంపకంలో గడిచిందట. అన్నం ముందు ప్రార్థన దగ్గర్నుంచి అలకల దాకా ఆ భాషలోనే నేర్చుకున్న మనిషి. ఆయన వ్యాకరణం చెబుతుంటే కూడా ఎవరో అన్నానికి పిలుస్తున్నట్టుండేది. కాకపోతే మనిషి గాలిదుమారం. ప్రశ్న వేసి, మనం నోరు తెరిచేలోగా జవాబు కూడా తానే చెప్పేసి, తర్వాతి ప్రశ్నకు దూకేవాడు. అలాంటి సారును కూర్చోబెట్టి మేము పాఠాలు రికార్డు చేశాం. వినేవాళ్ళు తిరిగి చెప్పడానికి వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీ వదలాలి కదా, చేతిగడియారం విప్పి ముందు పెట్టుకుని, పెదవులు బిగించి, పది సెకన్లు లెక్కపెట్టుకునేవాడు. ఆయన నోరు అంతసేపు మూయించిన ఘనత ఈ లోకంలో మా స్పూల్ టేపు రికార్డరు ఒక్కదానిదే.

ఎనభైల మొదట్లో సారు గుండె ఆగి పోయాడు. ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. రెండేళ్ళపాటు క్లాసును ఆ స్పూళ్ళే నడిపాయి. పోయిన మనిషి రోజూ సాయంత్రం అయిదింటికి వచ్చి మీ పేరేమిటని అడుగుతుంటే మొదట్లో కొందరు విద్యార్థులు తలలు వంచుకునేవాళ్ళు.

సారు భార్య స్టేషన్ ఘన్‌పూర్‌లో చెల్లెలి ఇంటికి చేరింది. ప్రతి గురువారం మధ్యాహ్నం ప్యాసింజరు బండిలో కాజీపేటకు వచ్చి, బస్సు పట్టుకుని నేను టేపులు తిప్పే గదికి వచ్చేది. ఆమెకు జర్మన్ రాదు. మూడో పాఠం మాత్రమే పెట్టమనేది, ఎందుకంటే అందులో కుశల ప్రశ్నలున్నాయి, వాటి అర్థం సారు ఎప్పుడో ఆమెకు చెప్పి ఉన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకునేది. టేపులో సారు, ఎలా ఉన్నారని అడిగేవాడు. ఆ పది సెకన్ల ఖాళీలో ఆమె మెల్లగా, "మంచిగనే ఉన్న. మోకాళ్ళే జర సతాయిస్తున్నయి," అనేది. భోజనమైందా అనేవాడు. "అయింది. చింతచిగురు పప్పు చేసింది చెల్లె," అనేది.

ఒకసారి నన్ను చూసి నవ్వింది. "పిచ్చిదాన్ననుకుంటున్నవా బిడ్డా? ముప్పై ఏండ్ల కాపురంల నా జవాబు కోసం ఒక్కనాడన్న ఆగిండా మీ సారు? ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగ ఆగుతాండో!"

ఆ స్పూలు చెరిగిపోయింది. కరెంటు హెచ్చుతగ్గులతో మెషిన్ వేడెక్కి పాడైందని చాలా ఏళ్ళుగా చెప్పుకుంటూ వచ్చాను. మీకూ అదే చెబుదామనుకున్నాను.

నాకు గొంతుల పిచ్చి. రిజిస్ట్రారు దగ్గు, క్యాంటీన్ మేనేజరు నత్తి, అన్నీ దించేసేవాణ్ణి. ఒక బుధవారం విద్యార్థులు, "అన్నా, సారు లెక్క ఒక్కసారి మాట్లాడరాదే" అంటే ఊగిపోయి, చేతికందిన స్పూలు ఎక్కించి, రికార్డు మీట నొక్కి అరగంట సారునైపోయాను. గది గదంతా పడీ పడీ నవ్వింది. అందరూ వెళ్ళాక స్పూలు తిప్పి చూస్తే, చీటీ ఊడిన ఆ స్పూలే మూడో పాఠం. సారు గొంతు చెరిగి, దాని మీద నాది ఎక్కింది. రెండో ప్రతి లేదు. తెల్లవారితే గురువారం.

పొద్దున్నే తలుపు గడియ వేసుకుని, పాఠం కాగితాలు ముందు పెట్టుకుని, మొత్తం మళ్ళీ సారు గొంతుతో చదివాను. గొప్ప చెప్పుకోవడం కాదు గాని, ఆ గొంతు విని నేనే ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. కానీ ప్రశ్న అడిగి ఆగగానే ఆ మూసిన గదిలో, ఎదుటి కుర్చీలోంచి ఎవరో జవాబు చెప్పబోతున్నట్టే అనిపించింది. పది సెకన్లు నా వల్ల కాలేదు. రెండు మూడు లెక్కపెట్టి, గబగబా తర్వాతి ప్రశ్నలోకి పారిపోయాను.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. కళ్ళు మూసుకుంది. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. మొదటి ప్రశ్నకు, "మంచిగనే..." అందో లేదో రెండోది మీద పడింది. పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. మూడో ప్రశ్న నుంచి ఆమె నోరు తెరవలేదు. అయినా చివరిదాకా విన్నది. హెడ్‌ఫోన్లు తీసి, ఎప్పటిలాగే కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టి, "ఇయ్యాల మీ సారు తొందరల ఉన్నడు బిడ్డా. మల్ల పాత మనిషే అయిండు," అంది. నేను తలూపాను.

మళ్ళీ గురువారం ఆమె రాలేదు. ఆ తర్వాత ఏ గురువారమూ రాలేదు. ఘన్‌పూర్ వెళ్ళి కాళ్ళ మీద పడ్డాననీ ఆమె క్షమించిందనీ ఒకరిద్దరికి చెప్పాను గాని, స్టేషన్ దాకా వెళ్ళి తిరుగు బండి ఎక్కానన్నదే నిజం. అది నా గొంతని ఆమె కనిపెట్టిందా, లేక తన మొగుడే పోయి కూడా మళ్ళీ తన మాట వినడం మానేశాడనుకుందా? మొదటిదైతే బాగుండునని నలభై ఏళ్ళుగా కోరుకుంటున్నాను.

ఇప్పుడు ఆ గది లేదు, స్పూళ్ళు లేవు. పై అమ్మాయి చేతిలోని ఫోను ఎవరి కోసమైనా, ఎంతసేపైనా ఆగుతుంది, అలసిపోదు, భయపడదు. జీవితంలో నాకు ఎందరి గొంతులైనా వచ్చాయి. అడిగి ఊరుకోవడం ఒక్కటే రాలేదు. సాయంత్రం ఆ ఫోను, ఎలా ఉన్నారని అడిగి ఆగినప్పుడు, అమ్మాయి కంటే ముందు నేనే కింద నుంచి మెల్లగా, "మోకాళ్ళే జర సతాయిస్తున్నయి" అంటాను. ఆ తర్వాత పది దాకా లెక్కపెడతాను.