పగడపు ఉంగరం, కరెంటు రంపం

తిరువూరులో నేను పనిచేసే హైస్కూల్లో నాది సోషల్. వర్క్‌షాపు గదికి మాస్టారెవరూ రాకపోవడంతో దాని బాధ్యతా నాకే అప్పగించారు. ఆ గదిలో బల్లకి బిగించిన కరెంటు రంపం ఉంది. స్విచ్చి వెయ్యకుండానే జాగ్రత్తలన్నీ చెప్పేశాను. వేలాడే బట్టలు వద్దు, గాజులు, ఉంగరాలు వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి, చెక్కని చేత్తో కాదు, కర్రతో తొయ్యాలి. పిల్లలు అశోకుడి శాసనాల్లాగే వీటినీ బట్టీపట్టారు. "ఎప్పుడు తిప్పుతారు టీచర్?" అనడిగితే, "ప్రారంభోత్సవం అవనీండి" అనేదాన్ని. నాకు దాని దగ్గరికెళ్లాలంటేనే వణుకు.

ప్రారంభోత్సవానికి రంపం కొనిచ్చిన దాత వచ్చారు. గంపలగూడెంలో పత్తి వ్యాపారం చేసే పెద్దమనిషి. మెడలో బంతిపూల దండ, భుజాన పట్టు కండువా, వదులు చేతుల లాల్చీ, వేళ్లకి ఉంగరాలు. నేను వద్దన్నవన్నీ ఒక్క మనిషి మీదే కనిపించేసరికి పిల్లలంతా నావైపు చూశారు.

"ముందు దండ తియ్యాలండీ," అన్నాను.

"టీచర్ గారూ!" అని హెడ్మాస్టారు పళ్లు కొరికారు.

"ఆవిడ చెప్పేది రైటేగా," అంటూ దాతగారు దండ, కండువా తీసి హెడ్మాస్టారి చేతుల్లో పెట్టారు. లాల్చీ చేతులు పైకి మడిచారు. ఉంగరాలూ తీశారు, పగడం ఒక్కటి తప్ప.

"ఇది తియ్యకూడదమ్మా. నాకు ప్రమాద గండం ఉందని పంతులుగారు పెట్టించారు."

"అది వేలికుంటేనే ప్రమాదమండీ."

ఆయన కాసేపు రంపాన్నీ, ఉంగరాన్నీ మార్చి మార్చి చూశారు. "తీస్తే ప్రమాదమని ఆయన, ఉంచితే ప్రమాదమని మీరు. ఇద్దరి మాటా కాదనలేను. మీరే కొయ్యండి."

ఇక తప్పలేదు. గాజులు తీసి, కొంగు బిగించి పిన్ను పెట్టుకుని, కళ్లద్దాలు తగిలించుకున్నాను. స్విచ్చి వెయ్యగానే రంపం చేసిన రొదకి హెడ్మాస్టారు దండతో సహా గుమ్మం దాటేశారు. కర్రతో చెక్కని మెల్లగా తోశాను. చెక్క రెండయింది. కాస్త వంకరగానే అనుకోండి. అయినా నా వేళ్లన్నీ నాకే ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొడుతుంటే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తర్వాత ప్లగ్గు పీకించి, దాతగారికి మళ్లీ అన్నీ తొడిగి, రంపం పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఆయనే స్వయంగా చెక్క కోసి ప్రారంభించారని పేపర్లో పడింది.

సాయంత్రం హెడ్మాస్టారు నన్ను పిలిచి, "ఇకమీదట సభలుంటే మీరు ప్రార్థనగీతం చూసుకోండి, చాలు," అన్నారు.

"అలాగేనండీ," అన్నాను. మర్నాడు తొమ్మిదో తరగతి పిల్లలతో ఆ రంపం మీదే చెక్క కోయించి, చిన్న పీట చేయించాను.