ఖాళీ సోమవారం

నేను రిటైరవడానికి ముందటి శీతాకాలం, నవంబరు మొదటి వారంలో, మురళిగారి ఫ్యామిలీ ట్రిప్ నా డెస్కుకి వచ్చింది. ఫ్రీమాంట్‌లో ఇండియన్ షాపుల వరసలో ఉండే చిన్న ట్రావెల్ ఏజెన్సీ మాది. టికెట్లు బుక్ చేసే క్లర్కుగా చేరి, గ్రూప్ డెస్క్ లీడ్‌గా దిగిపోయాను. పది మంది దాటిన ప్రయాణమేదైనా గ్రూప్ డెస్కుకే వస్తుంది. విమానాలు, బస, బళ్ళు, భోజనాలు అన్నీ ఒకే మనిషి చూడాలి. అవసరమైతే వాళ్ళతో పాటు వెళ్ళాలి కూడా.

ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే బుక్ చేసుకుంటున్నారు కదా, ఇంక మీతో పనేంటండీ అని కుర్రకారు నన్ను ఆటపట్టిస్తూ ఉండేవారు. ఫోన్‌లో గది దొరుకుతుంది నాయనా. ఆ గదిలో ఎవరు పడుకుంటే పని జరుగుతుందో ఫోన్ చెప్పదు. మా జీతం దానికే.

మురళిగారు సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టరు. ఆయన భార్య సుధారాణి ఇంకో కంపెనీలో టెస్టింగ్ లీడ్. వాళ్ళ ఒక్కగానొక్క పిల్ల అన్విత ఎనిమిదో తరగతి. మూడు శీతాకాలాలుగా తాహో కొండల్లో ఒక స్కీ క్లబ్బు తరఫున రేసుల్లో పాల్గొంటోంది. ఫిబ్రవరిలో సోమవారం సెలవు కలిసొచ్చే లాంగ్ వీకెండ్‌లో, ఆదివారం నాడు, ఆ సీజన్‌కి చివరి రేసు. అన్వితకైతే అసలు అదే ఆఖరిది. హైస్కూల్లో చదువు బరువు పెరుగుతుంది కాబట్టి ఆ తర్వాత మానేద్దామని తండ్రీ కూతుళ్ళు అనుకున్నారు. ఎలాగూ ఆఖరిది కదా అని మురళిగారు ప్లేనోలో ఉన్న అక్క భారతిగారి కుటుంబాన్నీ, అల్ఫారెట్టాలో ఉన్న తమ్ముడి కుటుంబాన్నీ పిలిచారు. రేసు చూసినట్టూ ఉంటుంది, మంచులో నాలుగు రోజులు గడిపినట్టూ ఉంటుంది అని ఆయన ఆలోచన.

స్కీ రేసుల సంగతి అప్పటికి నాకు బొత్తిగా తెలియదు. తెలియనిదాన్ని తెలుసుకోవడమే మా వృత్తి కాబట్టి క్లబ్బు ఆఫీసుకి ఫోన్ చేసి ఒక గంట కూర్చున్నాను. పొద్దున్నే, మామూలు జనం రాకముందే, పిల్లలు కోచ్‌తో కొండ మీదికి వెళ్ళి, జెండా గుడ్డ కట్టిన పోల్స్ ఎక్కడెక్కడ పాతారో నెమ్మదిగా జారుతూ చూసుకోవాలి. దాన్ని ఇన్‌స్పెక్షన్ అంటారు. అది తప్పితే రేసులో దిగనివ్వరు. ఆ పోల్స్ మధ్యనుంచి ఒకసారి దిగాక, వాటిని తీసి వేరే చోట పాతి, మధ్యాహ్నం మళ్ళీ దింపుతారు. ఒక్కో దిగుడు ఒక రన్, రెండు రన్నుల టైములూ కలిపితేనే రేసు. గాలి మరీ ఎక్కువైతే కొండ మీదికి తీసుకెళ్ళే లిఫ్టులు ఆపేసి, రేసుని రిజర్వ్ డేకి జరుపుతారు. ఈ రేసుకి రిజర్వ్ డే సోమవారం.

మురళిగారి ప్లాన్‌లో ఆ సోమవారం కిక్కిరిసి ఉంది. పొద్దున రబ్బరు ట్యూబుల మీద మంచులో జారే ట్యూబింగ్, తర్వాత తాహో లేక్‌లో పడవ షికారు, మధ్యాహ్నం దగ్గర్లోని రీనో ఎయిర్‌పోర్టు నుంచి చుట్టాలందరికీ ఫ్లయిట్లు. సోమవారం ఖాళీగా పెట్టండి అన్నాను. అంత దూరం వెళ్ళి ఒక రోజంతా ఖాళీగా కూర్చుంటామా అండీ, మావాళ్ళు నన్ను తంతారు అని నవ్వారు. ఇది మనవాళ్ళందరికీ ఉన్న జబ్బే. తిరుపతి వెళ్ళినా కాణిపాకం, శ్రీకాళహస్తి కలిపేస్తే గానీ మన ప్రాణం ఊరుకోదు. నేనూ పట్టు వదలలేదు. చివరికి ట్యూబింగ్, పడవ తీసేశారు, ఫ్లయిట్లు మాత్రం ఉంచారు.

రెండో పేచీ బస దగ్గర. అందరికీ ఒకే ఇల్లు, ఒకే వంటగది కావాలన్నారు. అంత పెద్ద ఇల్లు లేక్‌కి అవతలి ఒడ్డున గానీ దొరకలేదు. అక్కణ్ణుంచి రేసు కొండకి మంచులో గంట పైనే. అందుకని కొండ కింద ఉన్న చిన్న లాడ్జిలో అన్వితకీ, తోడుగా ఇంకొకరికీ శనివారం రాత్రికి ఒక గది తీశాను. తోడు ఎవరు అని స్పీకర్ ఫోన్‌లో అడిగాను. ఎప్పుడూ నేనేనండీ అన్నారు మురళిగారు. అంతలో వెనకనుంచి అన్విత గొంతు వినిపించింది.

"ఆంటీ, ఈ ఒక్కసారి అమ్మ రావచ్చా? అమ్మ ఎప్పుడూ నా రేస్ చూడలేదు."

మూడు శీతాకాలాల్లో ఒక్కటి కూడా చూడలేదా అన్నాను. సుధారాణిగారే నెమ్మదిగా చెప్పారు. రేసు ఉన్న ప్రతి వీకెండూ ఎవరో ఒకరు స్నేహితులో చుట్టాలో వెంట వస్తారు. అద్దె ఇంట్లో అందరికీ టిఫిన్లు, భోజనాలు చూసేసరికి అక్కడ రేసు అయిపోతుంది. "వీడియో పంపిస్తారు కదండీ, చూస్తాను," అన్నారావిడ. ఆ మాట అనడంలో ఫిర్యాదేమీ లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

గది సుధారాణిగారి పేరు మీద బుక్ చేశాను. శనివారం రాత్రికే కాకుండా ఆదివారం రాత్రికి కూడా. రేసు ఆదివారమే అయిపోతుంటే ఆ రెండో రాత్రి ఎందుకండీ అన్నారు మురళిగారు. రిజర్వ్ డే అన్నది ఉత్తినే పెట్టరు, గాలి మీ మాటా నా మాటా వినదు అన్నాను. వంటకి శాక్రమెంటోలో నాకు తెలిసిన తెలుగావిడ ఉంది, మూడు రోజులకి సరిపడా ట్రేలు తెచ్చి పెట్టమన్నాను. చుట్టాలని దింపడానికి రీనోకి వ్యాన్ కూడా మాట్లాడాను. గ్రూపుతో పాటు నేనూ నా బండిలో బయల్దేరాను. ఇంత చేశాక ఇంకేం అడ్డొస్తుంది అనుకున్నాను.

అడ్డొచ్చింది దోసెలు.

శనివారం అందరూ స్కీ పాఠాలకి వెళ్ళి, పడి లేచి, నడుములు పట్టుకుని ఇల్లు చేరారు. ట్రేలలో కూరలూ పప్పూ అన్నీ ఉన్నాయి. కానీ పొద్దున్నకి వేడి వేడి దోసెలైతే బాగుండు అని ఎవరో అన్నారు. పిండి తెచ్చానుగా అంది సుధారాణి. అంతే. పొద్దున దోసెలు పొయ్యాలంటే ఆవిడ ఈ ఇంట్లోనే ఉండాలి. లాడ్జి గదికి అన్వితతో మళ్ళీ మురళిగారే వెళ్ళారు. మీరూ రేపు పెందరాళే బయల్దేరి రండి అని చెప్పి పోయారు. ఇంత ప్లాన్ వేసిందాన్ని, పెనం ముందు నా ప్లాన్ నిలవలేదు.

ఆదివారం పెందరాళే ఎక్కడిది! ఒకరి స్నానం, ఇంకొకరి పూజ, మూడో వాయి దోసె. అందరం కలిసే వెళ్దాం అని ఒకరి కోసం ఒకరు ఆగడం. రేసు మామూలుగా జరిగి ఉంటే మేం బండెక్కేటప్పటికే అన్విత మొదటి రన్ దిగేసి ఉండేది. మేము దారిలో ఉండగా మురళిగారు ఫోన్ చేశారు. పైన గాలి విపరీతంగా ఉందట, లిఫ్టులు ఆపేశారట, రేసు సోమవారానికి జరిపారట. బళ్ళో అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం హమ్మయ్య అనుకున్నాను.

మధ్యాహ్నం, మురళిగారూ అన్వితా తిరిగొచ్చాక, అందరూ పెద్ద ఇంట్లో కూర్చున్నారు. చుట్టాల ఫ్లయిట్లు మార్చడానికి లేదు, మంగళవారం అందరికీ ఆఫీసులు, స్కూళ్ళు. రేసు చూడ్డం కోసమే వచ్చామే అని భారతిగారు ఒకటే బాధపడ్డారు. నేను లేచి చెప్పాను. లాడ్జిలో ఈ రాత్రికీ గది ఉంది, సుధారాణిగారి పేరు మీద. చీకటి పడకముందే అన్వితా ఆవిడా బయల్దేరాలి, నేనే నా బండిలో దింపుతాను. రీనోకి వ్యాన్ పొద్దున్నే వాకిట్లో ఉంటుంది.

సుధారాణి తల అడ్డంగా ఊపింది. "ఎలా వెళ్తానండీ? ఇంటికొచ్చినవాళ్ళని పంపించకుండా నేను ముందు వెళ్ళిపోతే బాగుంటుందా? దారిలోకి పులిహోర కూడా కలపాలి."

మన ఇళ్ళల్లో ఆ మాటకి ఎదురు ఉండదు. అన్విత తన బూట్లు సంచిలో పెట్టుకుంటూ, చాలా మామూలుగా అంది. "ఇట్స్ ఓకే అమ్మా. వీడియో పంపిస్తా."

"వీడియో ఏంటే?" అన్నారు భారతిగారు. "మీ అమ్మ ఎన్ని రేసులు చూసింది?"

"జీరో అత్తా."

భారతిగారిని నేను మూడు రోజులుగా చూస్తున్నాను. ఆవిడ గొంతు లేస్తే ఇల్లు సర్దుకుంటుంది. దోసెలు అడిగిందీ ఆవిడే అని అప్పటికి నాకు తెలిసింది. అలాంటి మనిషి ఇప్పుడు తమ్ముడి మీద పడ్డారు.

"ఒరేయ్ మురళీ! మూడేళ్ళుగా నువ్వు కొండ మీద చప్పట్లు కొడుతున్నావు, అది ఇక్కడ పెనం ముందు నిలబడుతోందా? సిగ్గులేదట్రా? నాకు ఒక్క మాట చెప్పలేదేం? చెప్తే దోసెలు అడిగేదాన్నా?"

మురళిగారు ఏదో అనబోయారు. ఆవిడ అననివ్వలేదు. సుధారాణి చేతిలోంచి గిన్నె లాక్కుని, పులిహోర నాకు కలపడం రాదనుకున్నావా అన్నారు. సాగనంపకపోతే ఎలా వదినా అని సుధారాణి ఇంకా గొణుగుతుంటే, "మేమేమైనా కొత్త పెళ్ళికూతుళ్ళమా సాగనంపడానికి? ఇంటి మనిషి ఒకరు వెంట రావాలి, అంతేగా. వీడొస్తాడు. రేపటి వీడియో వీడు చూస్తాడు. నువ్వు కోటు వేసుకో ముందు," అన్నారు.

వృత్తిపరంగా చెప్పాలంటే, నేను నవంబరు నుంచీ చెయ్యలేకపోయిన మార్పు అది. ఆవిడ రెండు నిమిషాల్లో చేసి పడేశారు. నేను చేసిందల్లా ఆ మార్పుకి కావలసిన గది, వ్యాన్, రోజు ముందే సిద్ధంగా ఉంచడం. అవి లేకపోతే భారతిగారి కోపం కూడా కోపంగానే మిగిలిపోయేది.

సోమవారం ఆకాశం కడిగినట్టు ఉంది. అన్విత ఇన్‌స్పెక్షన్‌కి పైకి వెళ్ళింది. ఫినిష్ దగ్గర తాడు కట్టిన చోట, ముందు వరసలో, సుధారాణినీ నన్నూ నిలబెట్టింది క్లబ్బు తరఫు ఆవిడ ఎవరో. చలికి నా పళ్ళు టకటకలాడుతున్నాయి. సుధారాణికి చలి సంగతే పట్టలేదు. పై నుంచి ఒక్కో పిల్లా దిగుతుంటే ఇదేనా, ఇదేనా అని నా చెయ్యి నలిపేస్తోంది. అన్విత నంబరు పిలిచారు. పైన చిన్న చుక్కలా కనిపించిన పిల్ల పోల్స్‌ని భుజంతో కొట్టుకుంటూ మా ముందుకి దూసుకొచ్చి, మంచు ఎగజిమ్ముతూ ఆగింది. సుధారాణి గట్టిగా అరిచింది, ఏమని అరిచిందో ఆవిడకే తెలియదు. ఫోన్ తియ్యనేలేదు.

కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగి, ఇంక పదండి అంది. "చూశానండీ. చాలు. తొందరగా వెళ్తే రీనోలో వాళ్ళని అందుకోవచ్చేమో."

"ఎక్కడికండీ? ఇంకో రన్ ఉంది కదా," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఇంకోటా?"

మూడేళ్ళుగా కూతురు రేసులకి వెళ్తుంటే, ఒక రేసుకి రెండు రన్నులు ఉంటాయని ఆ తల్లికి తెలియదు. ఎప్పుడూ బాగా వచ్చిన రన్ వీడియో ఒక్కటే పంపేవారట. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ నిమిషం మురళిగారు ఎదురుగా ఉంటే కడిగి పారేసేదాన్నే.

"అయితే ఇంకోసారి వస్తుందా?" అంది సుధారాణి. పండగ ఇంకో రోజు ఉందని తెలిసిన పిల్లలా మొహం వెలిగింది.

వచ్చింది. రెండో రన్ మధ్యలో అన్విత తూలింది, చేతిలోని ఒక స్కీ కర్ర జారిపోయింది. ఒంటి కర్రతోనే కిందికి దిగింది. మొత్తం మీద నడిమి స్థానంలో ఎక్కడో నిలిచింది. తల్లికి ఆ సంగతులేవీ తెలియవు, కర్ర పోతే ఏమవుతుందో కూడా తెలియదు. ఈసారి ఫోన్ తీసింది. వీడియో రీనోకి పంపింది. అందులో పిల్ల సగమే పడింది, మిగతా అంతా ఆకాశమూ, తెలుగు కేకలూ.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను రెండు పద్ధతులు పాటించాను. ఎవరెంత గొడవ చేసినా ప్రయాణంలో ఒక రోజు ఖాళీగా ఉంచేదాన్ని. గ్రూపు ఏదైనా, ఎక్కడికి, ఎన్ని రోజులు అని అడగడానికి ముందు, అక్కడ వంట ఎవరు చేస్తారు అని అడిగేదాన్ని. ఆ ఖాళీ రోజుకి గది ఆ మనిషి పేరు మీదే బుక్ చేసేదాన్ని.