ఎద్దులబండ దగ్గర నాయన వంతు

నేను బస్సు కండక్టరుని. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం రూటులో ఎన్నో ఏళ్లు చివరి ట్రిప్పు చేశాను. దయ్యం ఉందని జనం చెప్పుకునే ప్రతి మలుపులోనూ బస్సు ఆపించి మనుషుల్ని ఎక్కించుకున్నాను. అందరూ మనుషులే. టికెట్టు తీసుకోకుండా నిద్ర నటించినవాళ్లు ఉన్నారు, తాగొచ్చి నా సంచీ మీద కక్కినవాళ్లు ఉన్నారు. దయ్యం మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. ఎక్కుంటే దానికీ టికెట్టు కొట్టేదాన్ని. కాబట్టి ఇది చదివి నన్ను పిరికిదాన్ని అనుకోకండి.

నాది భయం కాదు. అలసట. మా నాయన కోసం వెతికి వెతికి వచ్చిన అలసట.

నాయన పేరు నాగప్ప. పెనుకొండ అవతల కొండ కింద ఊరు మాది. గొర్రెలు కాసేవాడు. తొంభైల మొదట్లో, ఒక ఎండాకాలం, ఎప్పటిలాగే పొద్దున గొర్రెలు తోలుకుని కొండెక్కాడు. సాయంత్రం గొర్రెలు వాటంతట అవే దోవ పట్టుకుని దొడ్డికి వచ్చేశాయి. నాయన రాలేదు.

ఊళ్లో మగవాళ్లంతా కట్టెలు, కొడవళ్లు తీసుకుని వారం పైనే వెతికారు. కొందరు ఎలుగుబంటి అన్నారు, కొందరు వంకలో పడ్డాడన్నారు. ఒక చెప్పు గానీ, తలగుడ్డ గానీ దొరికింది లేదు. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, పోయారు.

శవం దొరకలేదని అమ్మ కర్మ చేయనివ్వలేదు. గాజులు తీయలేదు, బొట్టు చెరపలేదు. ఆఖరికి ఏడవను కూడా లేదు. "బతికుండే మనిషి కోసరం ఏడిస్తే కీడు" అని ఏడవబోయినవాళ్ల నోళ్లు కూడా మూయించింది. తర్వాత నేను అమ్మను ధర్మవరం తెచ్చుకుని నా దగ్గర పెట్టుకున్నాను. వచ్చే ముందు ఊళ్లో ప్రతి గడపకూ పోయి మా ఇంటి గుర్తులు చెప్పింది. ఆయప్ప వస్తే ఈ సందులోకి పంపించండి, మగ్గాల చప్పుడు వినబడే మూడో ఇల్లు అని.

నా ఉద్యోగం ఇంకో తలనొప్పి. కండక్టరమ్మ వాళ్ల నాయన తప్పిపోయాడని రూటంతా తెలుసు. ఎక్కినవాళ్లలో ఎవరో ఒకరు, "ఏమమ్మా, మీ నాయన మాదిరి మనిషిని ఫలానా కాడ సూసినా" అనేవాళ్లు. చెప్పింది విని ఊరుకోలేను. ఇంటికొచ్చి అమ్మకు చెప్పకుండా ఉండలేను. చెప్తే అమ్మ నన్ను నిలబడనీయదు. లీవు పెట్టి పోవాలి. తలుపుల అనే ఊళ్లో ఒకతను దొరికాడు, నాయన కంటే జానెడు పొట్టి. అగళి దగ్గర గుడిలో గడ్డం మనిషి ఉన్నాడంటే పోయాను. ఆయనకు కన్నడం తప్ప ఒక్క తెలుగు ముక్క రాదు. నన్ను చూసి జాలిపడి, రాగి ముద్ద పెట్టించి, బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. కనగానపల్లి సంతలో ఒకతని వెనకాలే నడిచి, నాయనా అని పిలిస్తే, ఆయన తిరిగి చూసి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

"మీ నాయన ఒక్కతూరి పోయినాడు, నువ్వు నెలకొకతూరి పోతాండావు" అన్నాడు మా ఆయన ఒకరోజు, మగ్గం మీంచి తల ఎత్తకుండానే. కోపంగా అన్లేదు. ఆయన కూడా అలసిపోయాడు.

ఇంతలా వెతికిన నేను, నాయన పోయిన చోటికి మాత్రం పోలేదు. అమ్మ పోనివ్వలేదు. ఇంట్లోంచి ఒకరు కొండెక్కింది చాలంది. నాయనతో కలిసి గొర్రెలు కాసిన అంజినప్ప చిన్నాయనను అడిగితే, "మీయమ్మ నన్ను సంపుతాది పాపా" అని తప్పించుకున్నాడు. ఆ రోజు నాయన పక్కన ఉన్న ఒకే మనిషి ఆయన.

రెండువేల మూడో, నాలుగో. హిందూపురంలో ఒక కాలేజీ లెక్చరరు నా బస్సులోనే తిరిగేవాడు. చరిత్ర చెప్పేవాడు. మా ఊరి కొండ లోపల కొత్తరాతియుగం నాటివో ఎప్పటివో, బండ మీద చెక్కిన ఎద్దుల బొమ్మలున్నాయని, అడవి శాఖ వాళ్ల అనుమతి తీసుకుని కొంతమందిని ట్రెక్కింగుకు తీసుకుపోతున్నానని చెప్పాడు. ఆడవాళ్లు కూడా వస్తున్నారు. దారి చూపించేది ఎవరని అడిగితే అంజినప్ప పేరు చెప్పాడు.

ఆ చెక్కిన ఎద్దులున్న చోటునే మా వాళ్లు ఎద్దులబండ అంటారు. నాయన కడసారి కనబడింది అక్కడే.

అమ్మకు డబల్ డ్యూటీ అని చెప్పి బయల్దేరాను. నా మనసులో ఉన్నది ఒకటే. ఆ చోటు కళ్లతో చూడాలి, కర్పూరం వెలిగించాలి, ఇంటికొచ్చి అమ్మ కాళ్లు పట్టుకుని అయినా సరే కర్మకు ఒప్పించాలి. ఇంకో సంతలో ఇంకో మనిషి వెనకాల నడిచే ఓపిక నాకు లేదు.

పొద్దున్నే పెనుకొండ నుంచి జీపుల్లో కొండ మొదలు దాకా పోయాం. బెంగళూరు పిల్లలు కొందరు, ఇద్దరు టీచరమ్మలు, లెక్చరరు, నేను. అంజినప్ప చిన్నాయన నన్ను చూశాడు. ఒక కట్టె విరిచి, ముళ్లు చెక్కి, నా చేతికిచ్చి ముందు నడిచాడు. అడవి అంటే పెద్ద మానులేం లేవు. తుమ్మ, కలే పొదలు, నడుముల ఎత్తు బోదగడ్డి, కాలు పెడితే కాలిపోయేట్టుండే బండలు. రోజంతా బస్సులో నిలబడే కాళ్లు నావి, అయినా సగం దారికే వణకడం మొదలుపెట్టాయి.

మధ్యాహ్నానికి చేరాం. బొమ్మలు నిజంగానే బాగున్నాయి. పెద్ద మూపురాల ఎద్దులు, పొడుగు కొమ్ములు, వాటి మధ్య పుల్లల్లాంటి మనుషులు. లెక్చరరు ఆనందం చూడాలి. పిల్లలు ఫోటోలు తీస్తూ, ప్లాస్టిక్ కాగితం పరిచి బొమ్మలు దించుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు చిన్నాయన నన్ను పిలిచాడు. బండ చుట్టూ తిరిగి వెనక్కి పోతే, పైన రాయి ముందుకు చూరులాగా వచ్చి, కింద నలుగురు కూర్చునేంత నీడ ఉంది. నేల కూడా చదును బండే. దాని మీద పులి-మేక పటం చెక్కి ఉంది. గీతలు కలిసే చోటల్లా చిన్న గుంట. మా గొర్రెల కాపరులు పొద్దుపోక కొండంతా ఇలాంటివే చెక్కుకుంటారు. గుంటల్లో రాళ్లు ఉన్నాయి. పులులకు పెద్ద రాళ్లు, మేకలకు చిన్న రాళ్లు. సగంలో ఆగిన ఆట.

"ఇది మా ఆటే పాపా. మీ నాయనవి పులులు, నావి మేకలు" అన్నాడు.

ఆ రోజు నాయన వంతు వచ్చినప్పుడు గొర్రెలు కొన్ని వంకలోకి దిగాయట. "ఉండబ్బా, మళ్లేసుకోనొచ్చి ఆడతా" అని లేచి పోయాడట. అంతే. ఇంకొకరి ఆటను చెరపడం కొండ మీద తప్పు. ఎవరైనా లేచిపోతే మరునాడో, వారానికో వచ్చి అక్కడినుంచే ఆడుకుంటారు. అందుకని చిన్నాయన ఆ రాళ్లు ముట్టుకోలేదు. తర్వాత కాపరులు ఆ పక్కకే రావడం మానేశారు. పోలీసులకు ఈ మాట చెప్పలేదా అంటే, ఆట సంగతి వాళ్లకెందుకు అన్నాడు.

నేను వంగి చూశాను. రాళ్ల మీద దుమ్ము పేరుకుని, రాయికీ గుంటకూ తేడా తెలియనట్టుంది. ఒక పులికీ పక్కనున్న మేకకూ మధ్య సాలెగూడు. నాయన కూర్చునే వైపు గోడలో చిన్న సందు ఉంది. చంపిన మేకల్ని నాయన నేల మీద పెట్టేవాడు కాదట, ఆ సందులో దోపేవాడట. ఆ రోజు చంపినవి రెండు అందులోనే ఉన్నాయి, అదే దుమ్ముతో.

చిన్నాయన వేలు ఆనించకుండా చూపించాడు. "ఈ పులి ఈడ దూకితే ఈ మేక పోతాది. మీ నాయన సూసుకోలే. నేను రోజూ మనసులో సూస్తానే ఉండా."

భోజనాలకు పిలిచారు. అందరం ఎద్దుల ముందు గుండ్రంగా కూర్చుని పులిహోర తిన్నాం. లెక్చరరు ఏదో చెప్తున్నాడు, అందరూ వింటున్నారు. చిన్నాయన నా పక్కనే తిన్నాడు. మధ్యలో ఒకసారి నీళ్ల క్యాను తేవడానికి లేచాడు, అది పది అడుగుల్లో కనిపించే చోటే ఉంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానో మీకే అర్థమవుతుంది.

తిన్నాక కర్పూరం తీసుకుని మేమిద్దరం మళ్లీ వెనక్కి పోయాం.

పులి దూకి ఉంది.

చిన్నాయన చూపించిన పులే. అది అంతకుముందున్న గుంట ఖాళీ. అందులో రాయి ఆనిన చోటు మాత్రం తెల్లగా, దుమ్ము లేకుండా ఉంది. సాలెగూడు తెగి ఒక పోగు వేలాడుతోంది. సందులో చూస్తే మూడో రాయి. మిగతా రెండింటి మీదా దుమ్ము, దీని అడుగు భాగం మాత్రం నల్లగా, శుభ్రంగా పైకి తిరిగి ఉంది.

నా వీపు చల్లబడింది. మిట్టమధ్యాహ్నం, బండ కాలుతోంది, అవతల పిల్లల నవ్వులు వినబడుతున్నాయి. అయినా చల్లబడింది. ఉన్నమాట చెప్తున్నాను.

చిన్నాయన చూరు బయటికి వచ్చి వంక వైపు తిరిగి, "నాగప్పన్నా!" అని గట్టిగా ఒక్క కేక వేశాడు. ఒక పిట్ట కూడా లేవలేదు. తిరిగొచ్చి ఆట ముందు చతికిలబడ్డాడు. ఇప్పుడు వంతు ఆయనది. చెయ్యి ఒక మేక దాకా పోయింది, వెనక్కి వచ్చింది.

"నేనాడను పాపా. ఆడితే మళ్ల ఆయప్ప కోసరం కాసుకోవాల. నాకి శాతకాదు" అని లేచాడు. దిగేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

కర్పూరం నా గుప్పిట్లోనే చెమటకు మెత్తబడింది. వెలిగించాలని గుర్తు కూడా రాలేదు.

నేను అడగాల్సినవన్నీ అడిగాను. జీపులో ఒక్కొక్కరినీ, టికెట్టు అడిగినట్టు అడిగాను. బండ వెనక్కి ఎవరైనా పోయారా, రాళ్లు ముట్టుకున్నారా అని. అక్కడ ఒక ఆట ఉందనే వాళ్లకు తెలియదు. కోతి అనుకుందామా? కోతి రాళ్లు విసిరేస్తుంది గానీ, ఒక్క మేకను తీసి సందులో దోపదు. చిన్నాయనే నా మీద జాలితో చేశాడా? కొన్నేళ్ల తర్వాత ఆయన మంచాన పడ్డప్పుడు ఆ మాటే అడిగాను. మొహం అటు తిప్పుకుని, మళ్లీ నాతో మాట్లాడలేదు. అడిగినందుకు ఇప్పటికీ బాధపడతాను.

బస్సులో ధర్మవరం వస్తుంటే, అదే నా మెదడును తినేసింది. దయ్యాలు లేవంటే, ఆ రాయిని బతికున్న మనిషే కదిపాడు. అంటే నాయన బతికున్నాడు, నేను మళ్లీ వెతకాలి. నాయన పోయాడంటే, దయ్యాలున్నాయని ఒప్పుకోవాలి. జన్మలో మొదటిసారి, దయ్యాలుంటే బాగుండు అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. అమ్మ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. ఎద్దులబండ, ఆట, పులి, సందులో రాయి. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ వింది. సంతోషపడుతుందనుకున్నాను. రేపే కొండకు పోదాం పదమంటుందని, ఎలా ఆపాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

"ఆడికొచ్చినాడు గదా?" అంది.

"ఎవరొచ్చినారో తెలీదు మా."

"ఆయప్పే. దోపుడు ఆయప్పదే." చేట పక్కన పెట్టింది. "ఆటాడనీకి వచ్చినోనికి ఇల్లు తెలీలేదా? గొర్లు ఇల్లు సేరినాయి గదే ఆపొద్దు! మేకను సంపను గుర్తుండాది, నేను గుర్తు లేనా? బతికుంటే ఆయప్పకు సిగ్గు లేదు. సచ్చింటే నాకి దిక్కు లేదు. యాదైనా గానీ, నేనింగ కాసుకోను."

అలా అని, గాజులు తనే తీసుకుంది. ఎవరూ పగలగొట్టలేదు. ఒక్కొక్కటే మణికట్టు దాటించి చేటలో బియ్యం మీద పెట్టింది. చివరి గాజు రాక, చేతికి నూనె రాసుకుని లాగింది. ఆ తర్వాత ఏడ్చింది. అన్నేళ్లు దాచుకున్నదంతా ఒకేసారి. అలాంటి ఏడుపు నేను వినలేదు. మా ఆయన మగ్గం ఆపి గుమ్మంలో నిలబడిపోయాడు. సందులో మగ్గాలన్నీ ఒకటొకటే ఆగిపోయాయి.

పక్కిళ్లవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఎవరు పోయారని అడిగారు.

మా నాయన అన్నాను.

అయ్యో, ఎప్పుడమ్మా అని అడిగారు.